ఉద్యోగం, బంధుత్వం అడ్డు రాకపోతే మీరు ఏ వాతావరణంలో స్థిరపడతారు?

తూర్పుగాలి
వచ్చే ఏడాది నాకు పదవీ విరమణ. నేనూ మా ఆవిడా చాలా కాలంగా బెజవాడలోనే ఉంటున్నాం. పిల్లలు చెరో ఊళ్ళో స్థిరపడ్డారు కనుక ఇకమీదట ఎక్కడ ఉండాలన్నది పూర్తిగా మా ఇష్టం. ఆసుపత్రి ఎంత దూరం, స్థలం గజం ఎంత అన్న విషయాల్లో సలహా ఇచ్చేవారు మాకు చాలామందే ఉన్నారు. వాతావరణం గురించి అడిగితే మాత్రం ప్రతి ఒక్కరూ తమ ఊరే బాగుంటుందంటారు, ఎందుకు బాగుంటుందో చెప్పరు.

నాకు కావలసింది ముందే చెబుతాను. పగటి ఎండ నన్ను అంతగా బాధించదు, దానికి అలవాటు పడ్డాను. రాత్రి చల్లబడకపోవడమే నాకు కష్టం. మే నెలలో మా ఊళ్ళో అర్ధరాత్రి దాటినా 28, 29 డిగ్రీల నుంచి దిగని రోజులుంటాయి. గాలి స్తంభించిపోతుంది, పరుపు కూడా వేడిగానే ఉంటుంది. కిటికీలు తెరుచుకుని ఫ్యాను గాలితో నిద్రపోగలిగే రాత్రులు ఏడాదిలో ఎక్కడ ఎక్కువ ఉంటాయో అదే నా దృష్టిలో మంచి ఊరు. రెండో కోరిక, వానాకాలంలో వాన నిజంగా కురవాలి. మంచు కురిసే దేశాలు మాకు వద్దు. మదనపల్లె, బెంగళూరు, విశాఖపట్నం మనసులో ఉన్నాయి. మీరైతే ఏది ఎంచుకుంటారు, ఏ కారణంతో?

వాల్తేరు_వాసి
విశాఖే. ఎండాకాలంలో మధ్యాహ్నానికల్లా సముద్రపు గాలి అందుకుంటుంది కనుక బెజవాడలో 43 డిగ్రీలున్న రోజున కూడా మా తీరంలో 35 దగ్గరే ఆగిపోతుంది. శీతాకాలంలో వణికే చలి ఉండదు. సాయంత్రం ఒడ్డున నడిచే అలవాటున్న మనిషికి ఇంతకంటే ఏం కావాలి?

రెంటచింతల
నేను పల్నాడు వాణ్ణి, వేసవి వార్తల్లో మా ఊరి పేరు ఏటా వినిపిస్తూనే ఉంటుంది. అయినా చెబుతున్నాను, 35 డిగ్రీల విశాఖ కన్నా 42 డిగ్రీల మా ఊరే నా ఒంటికి నయం. పొడి ఎండలో చెట్టు నీడకు చేరితే చెమట ఆరిపోయి ప్రాణం లేచి వస్తుంది. విశాఖలో నీడన కూర్చున్నా జిడ్డు వదలదు, స్నానం చేసి బయటకు వచ్చేసరికి మళ్ళీ స్నానం చేయాలనిపిస్తుంది.

వాల్తేరు_వాసి
రెంటచింతల గారూ, ఉక్కపోత ఉందన్న మాట కాదనను. అయితే గాలి ఆడే ఇల్లు తీసుకుంటే అది సగానికి సగం తగ్గుతుంది. లోతట్టు వీధుల్లో, ఎత్తైన అపార్ట్‌మెంట్ల వెనక ఉండేవారి అనుభవం వేరు.

చలువపందిరి
ఇళ్ళ నమూనాలు గీయడం నా వృత్తి కనుక ఈ ఇద్దరి వాదానికి మూలమేమిటో కొంచెం వివరంగా చెబుతాను.

మన ఒంటికి ఉన్న ప్రధానమైన చల్లదనపు మార్గం చెమట ఆరడం. గాలిలో తేమ పెరిగేకొద్దీ చెమట ఆరడం తగ్గుతుంది. అందుకే ఉష్ణోగ్రతనూ తేమనూ కలిపి చూపే తడిబల్బు ఉష్ణోగ్రత అనే కొలత ఉంది. థర్మామీటరు బల్బుకు తడిగుడ్డ చుట్టి గాలి తగిలేలా ఉంచితే అది చూపే అంకె ఇది. అది 35 డిగ్రీలకు చేరితే ఆరోగ్యవంతుడు నీడలో ఊరికే కూర్చున్నా ఒంటి వేడి బయటికి పోదని 2010లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. తర్వాత మనుషులతో చేసిన ప్రయోగాల్లో ఆ హద్దు ఇంకా తక్కువేనని తేలింది. కాబట్టి 35 డిగ్రీల తీరప్రాంతం కన్నా 42 డిగ్రీల పల్నాడు హాయిగా అనిపించడం భ్రమ కాదు.

అయితే పొడి ఎండ ప్రమాదం లేనిదని అనుకోకూడదు. 2015 మే నెలలో వడగాడ్పులకు మన రెండు రాష్ట్రాల్లో వెయ్యికి పైగా ప్రాణాలు పోయాయి. పొడి గాలిలో చెమట పట్టినట్టు తెలియకుండానే ఆరిపోతుంది, ఒంట్లో నీరు ఎంత తగ్గిందో మనిషి గుర్తించేలోపే కళ్ళు తిరుగుతాయి.

తూర్పుగాలి గారు రాత్రుల గురించి చెప్పిన మాట నాకు చాలా ముఖ్యంగా తోచింది. ఊరి పేరుతో పాటు ఇంటి పైకప్పును కూడా లెక్కలోకి తీసుకోండి. పగలంతా ఎండలో కాగిన కాంక్రీటు శ్లాబు ఆ వేడిని రాత్రి పొడవునా గదిలోకి వదులుతుంది. బయట 27 డిగ్రీలకు దిగినా పై అంతస్తు పడకగది దిగకపోవడానికి కారణం అదే. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానం తెచ్చింది ఈ సమస్య కోసమే. శ్లాబు మీద తెల్లటి పూత వేస్తేనే తేడా తెలుస్తుంది.

గోదారి_లంక
మా తాతగారి పెంకుటింట్లో మండువా ఉండేది, ఎత్తైన కప్పు ఉండేది, వేసవిలో వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లేవారు. ఆ ఇంట్లో మధ్యాహ్నం నిద్రపోయినవారెవరూ కోనసీమ వేసవిని తిట్టరు. నేనైతే మా లంకలోనే ఉంటాను. జూన్ చివర వాన పడి కొబ్బరి తోటలన్నీ కడిగినట్టు కనబడే ఆ పది పదిహేను వారాల కోసం మిగతా ఉక్క అంతా భరించవచ్చు.

తూర్పుగాలి
లంక గారూ, తుఫానుల సంగతి?

గోదారి_లంక
అది మాత్రం భయమే. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన పది వేలకు పైగా మనుషులను తీసుకుపోయింది. కృష్ణా తీరం నుంచి మా తీరం దాకా ఆ తరం వాళ్ళెవరూ దాన్ని మరిచిపోలేదు. ఇప్పుడు ముందస్తు హెచ్చరికలూ, తుఫాను షెల్టర్లూ వచ్చాక ప్రాణనష్టం బాగా తగ్గింది. పంట, చెట్టు, ఇంటి కప్పు మాత్రం దైవాధీనమే.

వాల్తేరు_వాసి
నిజం చెప్పాలి కనుక ఇదీ చెబుతున్నాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నేరుగా మా నగరం మీదే తీరం దాటింది. చెట్లు వేళ్ళతో సహా పడిపోయాయి, రోజుల తరబడి కరెంటు లేదు. ఆ తర్వాతి వేసవిలో నీడ లేని వీధుల్లో నడిచినప్పుడు చెట్టు విలువ తెలిసింది. అయినా నా ఎంపిక మారదు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎలా గడుస్తాయన్నది నాకు ముఖ్యం.

పలమనేరు_దారి
తూర్పుగాలి గారి షరతు రాత్రి చల్లదనమైతే ఎత్తున్న ఊరికి వెళ్ళాలి, వేరే మార్గం లేదు. సముద్రమట్టం నుంచి ప్రతి కిలోమీటరు ఎత్తుకూ ఉష్ణోగ్రత సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. మదనపల్లె సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది, మా పలమనేరు కూడా ఇంచుమించు అంతే. పగలు మాకూ 38 దాటే రోజులున్నాయి, అబద్ధం చెప్పను. కానీ పొద్దు గూకిన గంటకు గాలి మారిపోతుంది. రాళ్ళూ గుట్టలూ ఎంత కాగినా, మబ్బూ తేమా అడ్డం లేని ఆకాశం కింద నేల వేడి తొందరగా పైకి పోతుంది. తీరంలో తేమ దుప్పటిలా కప్పి ఆ వేడిని పోనివ్వదు.

మందులు లేని రోజుల్లో క్షయరోగులకు మంచి గాలే వైద్యం. 1910ల దశకంలో మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో శానటోరియం కట్టడానికి ఎంచుకున్నది ఈ పొడి చల్లని గాలినే. దక్షిణాది నలుమూలల నుంచీ రోగులు అక్కడికి వచ్చేవారు. ఊరి వాతావరణానికి ఇంతకంటే మంచి యోగ్యతాపత్రం ఏముంటుంది?

బెంగళూరు_బాడుగ
పలమనేరు గారి లెక్క ప్రకారం 900 మీటర్ల బెంగళూరు ఇంకా చల్లగా ఉండాలి, చాలా నెలలు ఉంటుంది కూడా. జూన్ నుంచి ఫిబ్రవరి దాకా ఫ్యాను వేసుకోవలసిన అవసరమే తక్కువ. కానీ 2016 ఏప్రిల్‌లో ఇక్కడ 39 డిగ్రీలు దాటింది. చెరువులు పూడ్చి, చెట్లు కొట్టి కట్టిన పేటల్లో పాత బెంగళూరు చల్లదనం దొరకదు. 2024 మార్చిలో నీళ్ళ ట్యాంకరు కోసం మా అపార్ట్‌మెంటు వాళ్ళమంతా వరుసలో నిలబడ్డాం. వాతావరణం బాగున్న ఊరికి జనం వస్తారు, జనం వచ్చాక ఆ వాతావరణం మిగలదు. పదవీ విరమణ తర్వాత ఇక్కడికి రమ్మని నేను చెప్పలేను.

అనంత_మెట్ట
అందరూ ఒంటికి హాయి అన్న కొలతతోనే మాట్లాడుతున్నారు. సేద్యం చేసేవాడి కొలత వేరు.

మా అనంతపురంలో ఏడాదికి వాన సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘాలు పడమటి కనుమల్లో కురిసి మా దాకా వచ్చేసరికి తేలిపోతాయి, ఈశాన్యం వానలు తీరం దాటి మా దాకా వచ్చేసరికి బలం కోల్పోతాయి. ఒంటికి చూస్తే మాది చాలా మంచి వాతావరణం. ఉక్క లేదు, ముసురు లేదు, ఆగస్టులో సాయంత్రపు గాలికి నులకమంచం మీద పడుకుంటే దుప్పటి కావాలి. బయటి నుంచి బదిలీ మీద వచ్చిన ఉద్యోగులు ఎంతో మెచ్చుకుంటారు. ఆ నీలాకాశాన్నే చూసి మేము దిగులు పడతాం. వేరుశనగ విత్తిన తర్వాత ఊడ దిగే సమయంలో మూడు వారాలు వాన రాకపోతే ఆ హాయి అంతా ఎందుకు?

నన్నడిగితే ఆదర్శమైన వాతావరణమంటే మృగశిరలో దుక్కి వాన, ఆరుద్రలో విత్తనపు వాన, కాయ ఊరే వేళకు మరొకటి, కోతప్పుడు ఎండ. అది వచ్చే ఊళ్ళో 43 డిగ్రీలున్నా నేను ఉంటాను. తూర్పుగాలి గారు వాన నిజంగా కురవాలని రెండో షరతు పెట్టారు కనుక అడుగుతున్నాను, మీకు వాన చూడడానికి కావాలా, నీళ్ళకు కావాలా?

తూర్పుగాలి
అనంత గారూ, మంచి ప్రశ్న. చూడడానికి కావాలనే రాశాను. మీరు రాసింది చదివాక రెండూ కావాలనిపిస్తోంది. కాలవల కింద పుట్టి పెరిగినవాళ్ళం, నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయన్న ఆలోచన మాకు ఎప్పుడూ రాలేదు.

సియాటిల్_ముసురు
వాన చూడాలనుకునేవారికి నాదొక మాట. మేముండే సియాటిల్‌లో ఏడాది వాన సుమారు 950 మిల్లీమీటర్లు, హైదరాబాదు కన్నా కాస్తే ఎక్కువ. తేడా అంతా కురిసే తీరులో ఉంది. హైదరాబాదులో ఉరిమి, మెరిసి, గంటలో వీధులు నింపి వెళ్ళిపోతుంది. ఇక్కడ అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా సన్నటి తుంపర, చేత్తో పట్టుకుంటే తెలియనంత సన్నంగా పడుతూనే ఉంటుంది. డిసెంబరులో పగలు ఎనిమిదిన్నర గంటలే, సాయంత్రం నాలుగున్నర లోపే చీకటి పడుతుంది. మా అత్తగారు ఒక శీతాకాలం ఇక్కడ గడిపి, చలికి స్వెట్టరు ఉంది కానీ చీకటికి ఏముందమ్మా అన్నారు. నాకు వేసవి మూడు నెలలూ స్వర్గంలా ఉంటుంది, అయినా స్థిరపడే ఊరిని ఎంచుకోమంటే ముందు అడిగేది వెలుతురు గురించే.

థేమ్స్_తీరం
సియాటిల్ గారి మాట లండన్‌కూ వర్తిస్తుంది. వాన నగరమని పేరుపడ్డ లండన్‌లో ఏడాది వర్షపాతం 600 మిల్లీమీటర్ల దగ్గరే, అంటే అనంత గారి ఊరికంటే కొద్దిగానే ఎక్కువ. నాకైతే ఈ మబ్బు ఆకాశమంటే ఇష్టం. మే నుంచి సెప్టెంబరు దాకా ఎంత దూరమైనా నడవవచ్చు, అలసట రాదు. కానీ ఇక్కడి ఇళ్ళు వేడిని పట్టి ఉంచడానికి కట్టినవి. 2022 జులై 19న ఈ దేశంలో మొదటిసారిగా 40 డిగ్రీలు దాటినప్పుడు, గుంటూరులో పెరిగిన నేను కూడా ఇంట్లో ఉండలేకపోయాను. ఫ్యాను బిగించడానికి కొక్కెం కూడా లేని కప్పు అది.

తెనాలి_నుంచి_డల్లాస్
మా డల్లాస్‌కు ఎండా ఎక్కువే, చలీ ఎక్కువే. 2011లో మొత్తం 71 రోజులు పగటి ఎండ 100 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరింది, అంటే మన లెక్కలో దాదాపు 38. 2021 ఫిబ్రవరిలో అదే ఊళ్ళో సున్నాకు 18 డిగ్రీలు కిందికి పోయి కరెంటు నిలిచిపోయింది, పిల్లలను అన్ని దుప్పట్లూ కప్పి ఒకే గదిలో పడుకోబెట్టాం. మనవాళ్ళు ఇక్కడికి వచ్చింది వాతావరణం చూసి కాదు, ఉద్యోగాలూ ఇళ్ళ ధరలూ చూసి. అందుకే ప్రశ్న శీర్షిక నాకు నచ్చింది. ఉద్యోగం అడ్డు లేకపోతే నేను కాలిఫోర్నియా తీరంలో ఉండేదాన్ని.

సియాటిల్_ముసురు
తెనాలి గారూ, ఆ తీరానికీ కార్చిచ్చు పొగ ఉంది. 2020 సెప్టెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో పగటి ఆకాశం నారింజ రంగుకు తిరిగి మధ్యాహ్నం కూడా లైట్లు వేసుకున్నారు. మా ఊళ్ళో కూడా ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో పొగ రోజులు వస్తున్నాయి. గాలి పీల్చగలిగినంత శుభ్రంగా ఉండడం వాతావరణంలో భాగమేనని నేను అనుకుంటాను.

ఇందూరు_బాట
నేను నిజామాబాద్ జిల్లా నుంచి గల్ఫ్‌కు వెళ్ళి చాలా కాలం కట్టడాల దగ్గర పనిచేసి తిరిగి వచ్చాను. ఇక్కడ రాసినవారిలో ఎక్కువమంది ఇంట్లోంచి వాతావరణాన్ని చూస్తున్నారు. కిటికీ, ఫ్యాను, పైకప్పు, ఇవన్నీ లోపలి మనిషి ప్రశ్నలు. బయట పనిచేసేవాడికి వేరే ప్రశ్నలుంటాయి.

ఎమిరేట్స్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించకూడదన్న నిబంధన ఉంది. అది లేకపోతే ఎందరు పడిపోయేవారో ఊహించలేను. అయితే అక్కడ ఆగస్టులో పొద్దున్న ఆరింటికే చొక్కా పిండితే నీళ్ళు కారేవి. ఎడారి అంటే పొడిగా ఉంటుందని ఇంటివాళ్ళు అనుకుంటారు. సముద్రపు ఒడ్డున ఉన్న ఎడారిలో ఎండా ఉక్కా రెండూ కలుస్తాయి. చలువపందిరి గారు చెప్పిన తడిబల్బు లెక్క నాకు పేరు తెలియకుండానే ఒంటికి తెలుసు.

అందరూ గమనించని సంగతి ఒకటి చెబుతాను. అక్కడ డిసెంబరు, జనవరి నెలలు ఎంత హాయిగా ఉంటాయో చెప్పలేను, సాయంత్రం పని దిగి గదికి నడిచి వస్తుంటే మా ఊరి సంక్రాంతి పొద్దులు గుర్తుకొచ్చేవి. అంటే ఒకే ఊరు నాలుగు నెలలు నరకం, నాలుగు నెలలు స్వర్గం. ఏడాది సగటు అంకె చూస్తే ఈ రెండూ కనబడవు. ఇప్పుడు ఊళ్ళోనే ఉంటున్నాను. మే నెలలో మాకూ 44, 45 వస్తుంది. అయినా మృగశిర కార్తె వస్తే చల్లబడుతుందని తెలుసు, దానికి ఒక గడువు ఉందని తెలుసు. ఆ రోజు ఇంట్లో చేపల కూర వండుకుని, వాకిట్లో మంచం వేసుకునే రోజు కోసం నెలంతా ఎదురుచూస్తాం. నాకు అలా మారే కాలాలు కావాలి. ఏడాదంతా 24 డిగ్రీలుండే ఊరు ఇస్తానన్నా నాకు వద్దు.

భూగోళం_మాస్టారు
ఇందూరు గారు వద్దన్న ఊళ్ళు నిజంగానే ఉన్నాయి. కొలంబియాలోని మెదెయీన్ భూమధ్యరేఖకు దగ్గరగా, సుమారు 1,500 మీటర్ల ఎత్తున ఉంది. ఎండ కోణం ఏడాది పొడవునా పెద్దగా మారదు కనుక ఋతువులు లేవు, ఎత్తు ఉంది కనుక ఉక్క లేదు. దానికి నిత్యవసంత నగరమని పేరు. చైనాలోని కున్మింగ్‌కూ అలాంటి పేరే ఉంది, అది దాదాపు 1,900 మీటర్ల ఎత్తు. నన్నడిగితే అలాంటి ఊళ్ళోనే ఉండాలని ఉంది. ఋతువులు మారడంలో అందం ఉందనేవారు రోహిణి కార్తెలో పరీక్షల విధులకు వెళ్ళి చూడాలి.

ఇందూరు_బాట
మాస్టారూ, మీ కష్టం నాకు అర్థమైంది. కానీ మామిడికాయ ఎండాకాలం లేకుండా రాదు, ఆవకాయ ఎండ లేకుండా నిలవదు. మీ నిత్యవసంతంలో ఉగాది ఎప్పుడు చేసుకుంటారు?

భూగోళం_మాస్టారు
ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. మామిడి విషయంలో మీదే గెలుపు.

పాడేరు_బడి
ఎత్తున్న ఊరు మంచిదని పలమనేరు గారు చెప్పింది నిజమే, అయితే మరీ ఎత్తైన ఊరి సంగతి మన్యంలో పనిచేస్తున్న ఉపాధ్యాయురాలిగా చెబుతాను. లంబసింగి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంటుంది. డిసెంబరు, జనవరి నెలల్లో అక్కడ ఉష్ణోగ్రత కొన్ని తెల్లవారుజాముల్లో సున్నా దగ్గరికి వస్తుంది, ఆ మంచు చూడడానికి వందల కార్లు వస్తాయి. అరకు దారిలో వలిసె పూలు పసుపు పరిచినట్టుంటాయి, సిల్వర్ ఓక్ నీడలో కాఫీ, ఆ చెట్లకే మిరియాల తీగలు. ఇదంతా నేనూ ప్రేమించే అందమే.

అక్కడ ఏడాదంతా ఉండేవారి జీవితం వేరు. మాఘమాసంలో మాకులు వణుకుతాయన్న సామెత మా బడి పిల్లలకు పాఠం కాదు, ప్రతి ఉదయం అనుభవం. సరైన దుప్పటి లేని పిల్లలు పొయ్యి దగ్గర రాత్రి గడిపి, పొగకు ఎర్రబడిన కళ్ళతో బడికి వస్తారు. వానాకాలంలో ఉతికిన బట్టలు రోజుల తరబడి ఆరవు, గోడలు బూజు పడతాయి, గెడ్డలు పొంగితే రోడ్డు ఉండదు, జ్వరాలు ఆ నెలల్లోనే వస్తాయి. పర్యాటకులు మెచ్చుకునే చల్లదనం వేరు, పెద్ద వయసులో రోజూ బతకవలసిన చల్లదనం వేరు. తూర్పుగాలి గారు ఏ ఊరికి వెళ్ళినా అక్కడ అందరూ తిట్టుకునే నెలలో ఒకసారి ఉండి చూడాలని నా మనవి.

మందుల_చీటీ
వైద్యురాలిగా నాలుగు మాటలు. వయసు పెరిగేకొద్దీ దాహం సరిగా తెలియదు, చెమట పట్టే శక్తి తగ్గుతుంది. రక్తపోటుకు మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు వాడేవారికి వేసవిలో నీరసం తొందరగా వస్తుంది. ఇంకోవైపు చలికి రక్తనాళాలు ముడుచుకుని రక్తపోటు పెరుగుతుంది, ఉబ్బసమున్నవారికి చల్లని పొడి గాలితో ఆయాసం వస్తుంది. అంటే పెద్దవారికి రెండు చివరలూ మంచివి కావు.

దక్కను ఊళ్ళ విషయంలో చాలామందికి తెలియనిది వయ్యారిభామ మొక్క. ఖాళీ స్థలాలన్నీ నిండిపోయే ఈ కలుపు పుప్పొడి వల్ల చర్మం దురదలు, తుమ్ములు, ఆయాసం వస్తాయి. బెంగళూరుకు మారిన తర్వాత జీవితంలో మొదటిసారి తుమ్ములు మొదలయ్యాయని నా దగ్గరకు వచ్చినవారున్నారు. తూర్పుగాలి గారూ, మీ ఇద్దరిలో ఎవరికైనా ఉబ్బసం ఉందా?

తూర్పుగాలి
డాక్టరు గారూ, మా ఆవిడకు చలికాలంలో కొద్దిగా పిల్లికూతలు వస్తాయి. మందు వాడుతూనే ఉంది. ఈ సంగతి నేను ప్రశ్నలో రాయలేదు, ఇప్పుడు చదివి తను రాయమంది.

మందుల_చీటీ
అయితే ఎంచుకోబోయే ఊళ్ళో వేసవి రాత్రితో పాటు జనవరి తెల్లవారుజాము కూడా ఆవిడ చూడాలి. ఆ సమయంలో చల్లని గాలి నేలకు అంటి ఉండి పొగనూ దుమ్మునూ కిందే ఆపుతుంది. ఉదయపు నడక ఎండ వచ్చాక పెట్టుకుంటే చాలా వరకు ఇబ్బంది ఉండదు.

చలువపందిరి
మరొక్క విషయం కలుపుతాను, ఎందుకంటే ఏ డిగ్రీ హాయి అన్న చర్చ చివరకు దీని దగ్గరికే వస్తుంది. హైదరాబాదు అపార్ట్‌మెంట్లలో 2008 వేసవి, వానాకాలాల్లో ఇంద్రగంటి మాధవి గారు పరిశోధన చేసి, నివాసులకు హాయిగా తోచిన ఉష్ణోగ్రత 29 డిగ్రీల దగ్గర ఉందని, 26 నుంచి 32 దాటే వరకు సర్దుకోగలిగారని చూపారు. అప్పటి భవన నిర్మాణ స్మృతి చెప్పింది 23 నుంచి 26. మనవాళ్ళు పల్చని నూలుబట్ట కట్టుకుని, ఫ్యాను వేసుకుని, గది మారి, నేల మీద పడుకుని వేడిని తట్టుకుంటారు. ఏసీలో ఎక్కువ కాలం గడిపినవారికి ఆ ఓపిక తగ్గుతుంది. గాలి కదిలితే చాలు, అది రెండు మూడు డిగ్రీలు తగ్గినట్టే. అందుచేత ఏ ఊరిలోనైనా ఎదురెదురు కిటికీలున్న, పడమటి గోడ మీద ఎండ పడని, పైన మరో అంతస్తున్న ఇల్లు చూడండి.

రెంటచింతల
చలువపందిరి గారి చివరి వాక్యం రాసిపెట్టుకున్నాను. మా ఇంట్లో పడకగది పడమటి వైపే ఉంది.

గోదారి_లంక
తూర్పుగాలి గారు ఇంతకీ ఏమనుకుంటున్నారు? మా లంక జాబితాలోకి ఎక్కే అవకాశం లేదా?

తూర్పుగాలి
లంక గారూ, కోనసీమ వానలు చూడడానికి ఏటా శ్రావణంలో వస్తాం, మీ పెంకుటింటి కబురు మా ఆవిడకు బాగా నచ్చింది. నివాసానికి మాత్రం మా రాత్రుల షరతు వదలలేం.

ఇద్దరం అన్నీ చదివాక అనుకున్నది ఇది. బెంగళూరు వదిలేశాం, నీళ్ళ మాట, పుప్పొడి మాట రెండూ బలంగా ఉన్నాయి. విశాఖ నాకు ఇష్టమే, కానీ మే రాత్రుల ఉక్క దగ్గర బెజవాడకూ దానికీ నాకు కావలసినంత తేడా లేదు. మిగిలింది మదనపల్లె, పలమనేరు. ఇల్లు కొనకుండా ముందు ఏడాది అద్దెకు ఉంటాం, బెజవాడ ఇల్లు అప్పటిదాకా అమ్మం. పాడేరు టీచరు గారు చెప్పినట్టు తిట్టుకునే నెలలను కూడా తప్పించుకోం. పలమనేరు గారూ, మీ వైపు అందరూ తిట్టుకునే నెల ఏది?

పలమనేరు_దారి
ఏప్రిల్ చివర నుంచి మే మూడో వారం దాకా. తిట్టుకునేది ఎండను కాదు, నీళ్ళను. ఆ రోజుల్లో బోర్లు ఎండిపోతాయి, కొళాయి నీళ్ళు కొన్ని పేటల్లో రోజు విడిచి రోజు కూడా రావు. మీరు అద్దె ఇల్లు చూడడానికి డిసెంబరులో వస్తే ప్రతి యజమానీ నీళ్ళకు లోటు లేదంటారు. మే నెలలోనే వచ్చి, ఇంటివారిని అడగకుండా ఆ వీధిలో ట్యాంకరు ఎన్నాళ్ళకు ఒకసారి వస్తుందో పక్కింటివాళ్ళను అడగండి. చెరువు కట్ట కింద ఉన్న పేటలు రెండు మూడు ఉన్నాయి, అక్కడ బోర్లు మేలు. మీరు వచ్చే ముందు ఇక్కడే ఒక మాట రాయండి, నేను దగ్గరుండి చూపిస్తాను.

అనంత_మెట్ట
వాన నీళ్ళు ఇంకే గుంత ఉన్న ఇల్లా కాదా అని కూడా చూడండి. లేకపోతే తొలకరికి ముందే తవ్వించమని యజమానిని ఒప్పించండి.